శనివారాల్లోనే పడిపోయే సర్వరు

ప్రశ్న: తిరుపతి ఆర్టీసీ బస్టాండు దగ్గర మేనమామ లాడ్జిలో కంప్యూటర్ల పని చూసుకునే ఒక పాఠకుడు పొడుగాటి ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ఉన్న సంగతిని కుదించి ఇస్తున్నాం.

లాడ్జికి అరవై గదులు. మెట్ల కింద గదిలో ఒకే ఒక్క సర్వరు, దానిమీద ప్రాక్స్‌మాక్స్ 8, అంటే ఒకే సర్వరును కొన్ని కంప్యూటర్లుగా పంచి నడిపే సాఫ్ట్‌వేర్. అలా పంచిన కంప్యూటర్లు, అంటే వర్చువల్ మెషిన్లు, అందులో మూడు. 100 నంబరుది విండోస్, గదుల బిల్లింగ్ అంతా అందులోనే, అడ్రస్ 192.168.1.200. 101 కెమెరాల రికార్డింగ్, దానికి 192.168.1.20. మూడోది వైఫై పెట్టెల్ని నడిపే చిన్న లినక్సు. సర్వరు అడ్రస్ 192.168.1.10. చెన్నై నుంచి వచ్చిన వాళ్లెవరో ఇదంతా బిగించి వెళ్లారు.

ఆగస్టులో కెమెరాల కోసం రెండో నెట్‌వర్క్ కార్డు వేయమని మామయ్య చెప్పారు. ఈయన సర్వరు ఆపి, కార్డు బిగించి, మళ్లీ ఆన్ చేశారు. సర్వరు నెట్‌వర్క్‌లో కనబడకుండా పోయింది. మానిటరూ కీబోర్డూ తగిలించి, ఎక్కడో చదివింది చూసి ఫైల్లో ఒక పేరు మార్చి బూట్ చేస్తే తిరిగొచ్చింది. తర్వాత అనుమానం తీరక ‘సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ నెట్‌వర్కింగ్’ కొట్టారు. ఈసారి ప్రాక్స్‌మాక్స్ పేజీ తెరుచుకుంది గానీ బిల్లింగూ లేదు, కెమెరాలూ లేవు. ఏం చేయాలో తోచక సర్వరు మొత్తం ఆపి ఆన్ చేస్తే అన్నీ వచ్చాయి.

అక్కడితో అయిపోయిందనుకున్నారు. తమిళుల పెరటాసి నెల మొదలయ్యాక శని, ఆదివారాల్లో బిల్లింగ్ ఉన్నట్టుండి నిలిచిపోతోంది. కౌంటరు ముందు జనం, లోపల తిరుగుతున్న చక్రం. కెమెరాలు మాత్రం బాగానే ఆడుతుంటాయి. 100ని రీస్టార్ట్ చేస్తే కాసేపు సర్దుకుంటుంది, ఒక్కోసారి ఏమీ చేయకుండానే సర్దుకుంటుంది. “ఏమిరా, మళ్లా పడిందా? నువ్వు చెయ్యి పెట్టినప్పట్నుంచే గదా ఇదంతా” అని మామయ్య పదిమందిలో అంటున్నారు. చెన్నైవాళ్లు ఫోన్లోనే తేల్చేశారు: ‘మీరు కెలికారు, ఫార్మాట్ చేసి మొత్తం మళ్లీ వేయాలి, శుక్రవారం వస్తాం, డబ్బు వేరే.’ వచ్చే వారం బ్రహ్మోత్సవాలు. “ఫార్మాట్‌కు ఒప్పుకోవాలా, రాత్రిపూట కూర్చుని నేనే సరిచేయాలా, లేక ఇది నాకు చేతకాదని చెప్పి వేరే ఉద్యోగం చూసుకోవాలా?” అని అడుగుతున్నారు. “రెండో కార్డును కూడా అదే బ్రిడ్జిలో కలిపేస్తే వేగం పెరిగి సమస్య పోతుందా?” అనేది ఇంకో ప్రశ్న. (బ్రిడ్జి అంటే మెషిన్లను బయటి వైరుకు కలిపే, సర్వరు లోపలి స్విచ్ లాంటిది.)

సమాధానం: చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్పేస్తాను, ఎందుకంటే మీరు ఈ రాత్రే ఆ పని చేసేలా ఉన్నారు. కలపకండి. రెండు కార్డుల వైర్లూ ఒకే స్విచ్‌కు వెళ్తూ, రెండు కార్డులూ వీఎంబీఆర్0 అనే మీ బ్రిడ్జిలో ఉంటే, లోపలికొచ్చిన ప్రతి బ్రాడ్‌కాస్టూ (అందరికీ పంపే కబురు) ఒక కార్డులో దూరి ఇంకో కార్డులో బయటికొచ్చి, మళ్లీ స్విచ్ మీదుగా మొదటి కార్డుకే వస్తుంది. ప్రాక్స్‌మాక్స్ బ్రిడ్జికి ఎస్‌టీపీ (ఇలాంటి తిరుగుడును కనిపెట్టి ఆపేది) మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది కాబట్టి ఈ తిరుగుడును ఆపే దిక్కుండదు. క్షణాల్లో స్విచ్ దీపాలన్నీ ఒకేసారి పిచ్చిగా మిణుకుతాయి, లాడ్జి మొత్తానికి నెట్‌వర్క్ పోతుంది. ఆ కార్డు దేనికి తెచ్చారో దానికే వాడే దారి తర్వాత చెబుతాను.

ఇక అసలు విషయం. మీకు జరిగినవి మూడు వేర్వేరు లోపాలు. ఒకదాని వెనక ఒకటి రావడంతో మామయ్యకూ, చెన్నైవాళ్లకూ, చివరికి మీకూ ఒకటే లోపంలా కనబడుతున్నాయి. మొదటి రెండూ ఆగస్టులోనే పుట్టి ఆగస్టులోనే తీరిపోయాయి. ఇప్పుడు కౌంటరు ముందు మీ పరువు తీస్తున్నది మూడోది. అది సర్వరులో ఉన్నట్టు నాకు కనబడటం లేదు. అదే నిజమైతే సర్వరును ఎన్నిసార్లు ఫార్మాట్ చేసినా వచ్చే శనివారం అది మళ్లీ వస్తుంది.

వర్చువల్ సర్వరులో నెట్‌వర్క్ పోయినప్పుడు ‘ఎందుకు పోయింది’ అని వెతకడానికి ముందు ‘ఎవరెవరికి పోయింది’ అని చూడాలి. సర్వరు పేజీ కూడా తెరుచుకోకపోతే లోపం కేబులు, స్విచ్ పోర్టు, కార్డు, కార్డు పేరు, వీటిలో ఒకదానిలో ఉంటుంది. పేజీ తెరుచుకుని మెషిన్లన్నీ పోతే బ్రిడ్జిలో ఉంటుంది. మిగతావి బాగుండి ఒక్క మెషినే పోతే ఆ మెషిన్ సెట్టింగులోనో, దాని అడ్రస్‌లోనో ఉంటుంది. మీ ఉత్తరంలో ఈ మూడూ వరుసగా ఉన్నాయి. ఆగస్టులో మొదటిది, ఆ వెంటనే రెండోది, ఇప్పుడు వారం వారం మూడోది.

మొదటిది పేరు మారడం. మీ పాత కార్డు పేరు ఈఎన్‌పీ3ఎస్0 అనుకుందాం. అందులో 3 అనేది పీసీఐ బస్సు (బోర్డుకూ కార్డులకూ మధ్య దారి) నంబరు. కొత్త కార్డు గుచ్చగానే బోర్డు బస్సులకు మళ్లీ నంబర్లు వేసుకుంటుంది. పాత కార్డు 4కు జరిగి ఈఎన్‌పీ4ఎస్0 అయింది. ‘/ఈటీసీ/నెట్‌వర్క్/ఇంటర్‌ఫేసెస్’ ఫైల్లో మాత్రం వీఎంబీఆర్0 కింద ‘బ్రిడ్జ్-పోర్ట్స్’ వరుసలో పాత పేరే ఉండిపోయింది. బ్రిడ్జి లేచింది, దానికి బయటికి పోయే వైరు లేదు. మీరు ఆ పేరు మార్చడం సరైన పనే. (కమాండ్లను పలికినట్టు రాస్తున్నాను, మీరు రోజూ కొట్టేవే కాబట్టి పోల్చుకోగలరు.)

కాకపోతే అది సగం పని. రేపు ఇంకో కార్డు వేసినా, ఉన్నదాన్ని పీకినా, పేరు మళ్లీ జరుగుతుంది. దాన్ని కార్డు మ్యాక్ అడ్రస్‌కు, అంటే ఆ కార్డును గుర్తుపట్టే సొంత నంబరుకు, కట్టేయాలి. ‘/ఈటీసీ/సిస్టమ్‌డీ/నెట్‌వర్క్’ ఫోల్డర్లో ‘.లింక్’ తోకతో ఒక చిన్న ఫైలు పెట్టండి. ‘మ్యాచ్’ భాగంలో ఆ కార్డు మ్యాక్ అడ్రస్, దాని కింద ‘టైప్=ఈథర్’; ‘లింక్’ భాగంలో ‘నేమ్=ఈఎన్‌లాన్0’. టైప్ వరుస మరిచిపోకండి. బ్రిడ్జి కూడా కార్డు మ్యాక్‌నే తీసుకుంటుంది కాబట్టి, ఆ వరుస లేకపోతే ఏది ఏదో తేడా తెలియదు. పేరు ‘ఈఎన్’తోనో ‘ఈటీహెచ్’తోనో మొదలవ్వాలి, అప్పుడే ప్రాక్స్‌మాక్స్ పేజీ దాన్ని అసలు కార్డుగా గుర్తిస్తుంది. తర్వాత ఇంటర్‌ఫేసెస్ ఫైల్లో కూడా ఈఎన్‌లాన్0 అని మార్చి, ‘అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ -యు -కె ఆల్’ కొట్టి, ఒకసారి బూట్ చేయాలి. ప్రాక్స్‌మాక్స్ 9కు వెళ్లాక ఇదే పనికి ‘పీవీఈ-నెట్‌వర్క్-ఇంటర్‌ఫేస్-పిన్నింగ్’ అని ప్రత్యేకంగా ఒక కమాండే ఉంది. ఇదేదీ బ్రహ్మోత్సవాల్లోపు చేయాల్సింది కాదు. ప్రస్తుతం పేరు సరిగానే ఉంది, కార్డుల జోలికి ఎవరూ పోకుంటే చాలు.

రెండోది మిమ్మల్ని ఎక్కువ భయపెట్టింది. ‘రీస్టార్ట్ నెట్‌వర్కింగ్’ కొట్టగానే వీఎంబీఆర్0 కూలిపోయి కొత్తగా లేస్తుంది. ఫైల్లో రాసిన అసలు కార్డు దానికి తిరిగి అతుక్కుంటుంది. మెషిన్ల వైపు వైర్లు మాత్రం, అంటే ట్యాప్100ఐ0, ట్యాప్101ఐ0 లాంటివి, ఆ ఫైల్లో ఉండవు. మెషిన్ స్టార్టయ్యే క్షణంలో ప్రాక్స్‌మాక్స్ వాటిని పుట్టించి బ్రిడ్జికి కలుపుతుంది. మెషిన్లు నడుస్తుండగానే బ్రిడ్జి కూలి లేస్తే వాటిని మళ్లీ కలిపేవాళ్లు లేరు. మెషిన్ బతికే ఉంటుంది, దాని వైరు గాల్లో ఉంటుంది. ఆ రోజు మీరు చూసింది ఇదే.

ఇంకోసారి ఇలా అయితే సర్వరు మొత్తం ఆపే పని లేదు. ‘బ్రిడ్జ్ లింక్’ అని కొట్టండి. వీఎంబీఆర్0కు అతుక్కున్నవాటి పేర్లు వస్తాయి. ట్యాప్100ఐ0 లేదంటే ‘ఐపీ లింక్ సెట్ ట్యాప్100ఐ0 మాస్టర్ వీఎంబీఆర్0’ చాలు, మెషిన్ ఆపకుండానే బిల్లింగ్ తిరిగొస్తుంది. ఆ మెషిన్ నెట్‌వర్క్ కార్డుకు ఫైర్‌వాల్ టిక్కు పెట్టి ఉంటే మాత్రం బ్రిడ్జికి అతుక్కునేది ట్యాప్ కాదు, ఎఫ్‌డబ్ల్యూపీఆర్100పీ0. అప్పుడు ఆ పేరు వాడాలి. అసలు సెట్టింగు మార్చినప్పుడల్లా ‘ఐఎఫ్‌రీలోడ్ -ఏ’ వాడితే ఈ గొడవే రాదు. మారిన వరుసల్ని మాత్రమే అమలు చేసి, మెషిన్ల వైర్లను అలాగే ఉంచుతుంది. పేజీలో ‘అప్లై కాన్ఫిగరేషన్’ నొక్కినా జరిగేది అదే. రీస్టార్ట్ కమాండును మాత్రం మెషిన్లు నడుస్తున్నప్పుడు ముట్టుకోకండి.

ఇప్పుడు మూడోది. మీ ఉత్తరంలో ఇంకో వాక్యం ఉంది. మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసిందే: “అదే నెలలో మూడు అంతస్తులకూ వైఫై పెట్టించాం, ఆ కుర్రాళ్లు రౌటర్లో ఏదో మార్చి వెళ్లారు, అది బాగానే పనిచేస్తోంది.” నా అనుమానం ఆ వాక్యం మీదే. బిల్లింగ్ మెషిన్ అడ్రస్ 192.168.1.200, ఇకపై చివరి అంకెతో 200 అంటాను. రౌటరు ఫోన్లకు పంచే అడ్రసుల వరుస ముందు 100 నుంచి 150 దాకా ఉండేదనుకోండి. గదులన్నిటికీ వైఫై ఇచ్చాక అవి చాలవని ఆ కుర్రాళ్లు దాన్ని 254 దాకా పెంచి ఉంటారు. అంటే 155 అడ్రసులు, వాటి మధ్యలో మీ 200. అరవై గదులూ నిండి, గదికి మూడు ఫోన్లు లెక్కేసినా 180. మామూలు రోజుల్లో సగం గదులే నిండితే 200 వంతు రాకపోవచ్చు. పెరటాసి శనివారాల్లో తమిళనాడు నుంచి జనం దిగినప్పుడు వరుస మొత్తం ఖర్చయిపోతుంది, ఎవరో ఒక యాత్రికుడి ఫోనుకు మీ బిల్లింగ్ అడ్రస్ వెళ్తుంది. కొన్ని రౌటర్లు వరుసగా ఇస్తాయి, కొన్ని చెల్లాచెదురుగా ఇస్తాయి. ఎలా ఇచ్చినా ఫోన్లు పెరిగేకొద్దీ 200 ఎవరికో ఒకరికి పడే అవకాశం పెరుగుతుంది.

‘ఉన్న అడ్రస్‌ను రౌటరు ఇంకొకరికి ఎలా ఇస్తుంది?’ అని మీకు అనుమానం రావచ్చు. చేత్తో రాసి పెట్టిన అడ్రస్ సంగతి రౌటరుకు తెలియదు. కొన్ని రౌటర్లు ఇచ్చే ముందు ఒకసారి పింగ్ కొట్టి, అంటే ‘ఎవరైనా ఉన్నారా’ అని పిలిచి, చూస్తాయి. విండోస్ ఫైర్‌వాల్ పింగ్‌కు పలకకుండా ఉంటే, ఖాళీగానే ఉందనుకుని ఇచ్చేస్తాయి. కెమెరాల 20, సర్వరు 10 ఆ వరుసకు బయట ఉన్నాయి కాబట్టి వాటికేమీ కాలేదు. ఒక్క బిల్లింగే ఎందుకు పోతోందో దీంతో తెలుస్తుంది. రీస్టార్ట్‌తో ఎందుకు సర్దుకుంటోందో కూడా తెలుస్తుంది: విండోస్ లేవగానే ‘200 నాదే’ అని అందరికీ చాటుతుంది, కౌంటరు కంప్యూటర్లు పాత లెక్క చెరిపి దాన్ని రాసుకుంటాయి. కాసేపటికి ఆ ఫోను కూడా పలికితే మళ్లీ అటు తిరుగుతాయి. ఆ యాత్రికుడు కొండెక్కేస్తే దానంతటదే బాగవుతుంది.

ఇదంతా అనుమానమే. రుజువు చేయడం మాత్రం తేలిక. ఈ రోజే, అన్నీ బాగున్నప్పుడే, కౌంటరు కంప్యూటర్లో ‘ఏఆర్‌పీ -ఏ’ (ఏ అడ్రస్ ఏ మ్యాక్‌దో చూపే కమాండు) కొట్టి 192.168.1.200 ఎదురుగా ఉన్న మ్యాక్ అడ్రస్ కాగితం మీద రాసుకోండి. ప్రాక్స్‌మాక్స్ పేజీలో 100 మెషిన్ హార్డ్‌వేర్ కింద నెట్‌వర్క్ డివైస్ వరుసలో ఉన్నదానితో అది సరిపోవాలి. 8.1 తర్వాత తయారైన మెషిన్ అయితే అది ‘బీసీ:24:11’తో మొదలవుతుంది. మళ్లీ బిల్లింగ్ నిలిచిన క్షణంలో రీస్టార్ట్ మీదికి చెయ్యి పోనివ్వకుండా అదే కమాండు ఇంకోసారి కొట్టండి. 200 ఎదురుగా వేరే మ్యాక్ కనబడితే దొంగ దొరికినట్టే. ఫోటో తీసుకోండి. సర్వరు మీద ఏఆర్‌పింగ్ ప్యాకేజీ వేసుకుంటే ‘ఏఆర్‌పింగ్ -ఐ వీఎంబీఆర్0 192.168.1.200’ అన్నప్పుడు రెండు వేర్వేరు మ్యాక్‌ల నుంచి జవాబులొస్తాయి. అందులో ఆ ‘ఐ’ పెద్దక్షరం.

శనివారం దాకా ఆగలేనంటే జరిగిపోయినవాటి ఆనవాళ్లు వెతకొచ్చు. 100 మెషిన్లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్, అందులో సిస్టమ్, 4199 నంబరు ఈవెంట్ల కోసం ఫిల్టర్ పెట్టండి. సోర్స్ టీసీపీఐపీ అని ఉంటుంది. అడ్రస్ తగాదా జరిగిందని, అవతలి పరికరం మ్యాక్ ఇదని అందులో రాసి ఉంటుంది, తేదీ, టైముతో సహా. ఆ టైములు మీ శనివారాలతో కలిస్తే ఇంకేమీ అక్కర్లేదు. ఒక్కటీ దొరక్కపోతే నా అంచనా బలం తగ్గినట్టే, అప్పుడు శనివారం ఏఆర్‌పీ చూపించేదాన్నే నమ్మండి.

అంచనా తప్పితే ఇంకెక్కడ చూడాలో కూడా చెబుతాను. బిల్లింగ్‌తో పాటు కెమెరాలూ, సర్వరు పేజీ కూడా ఒకేసారి పోతుంటే ‘జర్నల్‌సీటీఎల్ -కె’లో ‘హార్డ్‌వేర్ యూనిట్ హ్యాంగ్’ అనే మాట కోసం వెతకండి. బోర్డు మీదుండే కొన్ని ఇంటెల్ కార్డులు, ఈ1000ఈ డ్రైవరువి, కెమెరాల్లాంటి ఎడతెగని బరువు పడితే ఇలా చేతులెత్తేస్తాయి. ‘ఈథ్‌టూల్ -కె’తో టీఎస్‌ఓ, జీఎస్‌ఓ అనే కార్డు సెట్టింగులు ఆఫ్ చేస్తే చాలామందికి తగ్గుతుంది. ఇక్కడ ‘కె’ పెద్దక్షరం, చిన్నదైతే చూపిస్తుందే గానీ మార్చదు. కానీ మీ కెమెరాలు ఆడుతూనే ఉన్నాయంటున్నారు కాబట్టి మీది ఆ కథ కాదనే నా లెక్క.

రుజువు దొరికాక మీ ముందు నాలుగు దారులున్నాయి. ఏది పట్టుకున్నా దానికుండే ఖర్చు దానికుంటుంది.

అన్నిటికంటే చిన్నది రౌటర్లోనే తీరిపోయేది. రౌటరు పేజీలో డీహెచ్‌సీపీ (అడ్రసులు పంచే) సెట్టింగుల్లో ‘అడ్రస్ రిజర్వేషన్’ ఉంటుంది. 200ను 100 మెషిన్ మ్యాక్‌కు కట్టేయండి. ఇక రౌటరు దాన్ని ఇంకెవరికీ ఇవ్వదు. టీ తాగేలోపు అయ్యే పని, సర్వరును ముట్టుకోనక్కర్లేదు. ఒక మెలిక ఉంది: అప్పటికే ఏ ఫోనుకో 200 ఇచ్చి ఉంటే దాని గడువు తీరేదాకా అది వదలదు. గడువు 24 గంటలుంటే ఒక రోజు ఆగాలి, లేదంటే లీజుల (గడువుతో ఇచ్చిన అడ్రసుల) పట్టికలో దాన్ని చెరిపి, యాక్సెస్ పాయింట్ (వైఫై పెట్టె) నుంచి ఆ ఫోనును ఒకసారి విడగొట్టాలి. రౌటరు రీబూట్ చేస్తే పోతుందిలే అనుకోకండి. చవక రౌటర్లు కొన్ని రీబూట్ అయ్యాక ఎవరికి ఏమిచ్చాయో మరిచిపోయి, వాడుకలో ఉన్న అడ్రసులే మళ్లీ పంచుతాయి. అలాగే లీజు గడువును నాలుగు గంటలకు తగ్గించండి. గది ఖాళీ చేసి కొండకు పోయినవాళ్ల ఫోన్లు తెల్లారేదాకా అడ్రసులు పట్టుకుని కూర్చోవు.

ఇది చేస్తే బ్రహ్మోత్సవాలు గట్టెక్కుతాయి. కానీ యాత్రికుల ఫోన్లూ, మీ బిల్లింగూ ఒకే నెట్‌వర్క్‌లో ఉండటమనే అసలు తప్పు అలాగే ఉంటుంది. ఆ మెషిన్లో వచ్చినవాళ్ల ఆధార్ స్కాన్లు కూడా ఉంటాయి కదా. గదిలో కూర్చున్న ఎవరైనా దాని తలుపు తట్టగలరన్నమాట.

రెండో దారి ఆ తప్పును కూడా తీస్తుంది. యాత్రికుల వైఫైని వేరే వీలాన్‌లో, అంటే అవే వైర్ల మీద విడిగా నడిచే నెట్‌వర్క్‌లో, పెట్టడం. దాని నంబరు 20 అనుకుందాం. దానికి వేరే అడ్రసుల వరుస, 192.168.20.0/23 ఇస్తే 510 అడ్రసులు దొరుకుతాయి, ఏ పెరటాసికీ చాలకపోవడం ఉండదు. దీనికి వీలాన్లు తెలిసిన స్విచ్, వీలాన్లు తెలిసిన రౌటరు కావాలి. మీ దగ్గరున్నవి మామూలువైతే కొనాలి. యాక్సెస్ పాయింట్లు తగిలించిన పోర్టుల్లోనూ, రౌటరుకు వెళ్లే పోర్టులోనూ 20ని ట్యాగ్‌తో (వీలాన్ నంబరు చీటీతో) పంపాలి, ఇప్పుడున్న నెట్‌వర్క్ అయిన 1ని ట్యాగ్ లేకుండా ఉంచాలి. సర్వరు పోర్టుకు 20 అసలు వెళ్లనక్కర్లేదు. చాలామంది ఇక్కడే అనవసరంగా వీఎంబీఆర్0ను ‘వీలాన్ అవేర్’ చేసి, మెషిన్లకు ట్యాగులు పెట్టి, స్విచ్‌లో ఆ ట్యాగు లేకపోవడంతో మెషిన్ మూగబోయిందని తల పట్టుకుంటారు. మీకు ఆ అవసరమే లేదు. పండగ వారంలో ఇది మొదలుపెట్టొద్దు. పెరటాసి అయ్యాక, గదులు ఖాళీగా ఉండే ఒక వారం మధ్య రోజు మధ్యాహ్నం పెట్టుకోండి. ఏ రోజన్నది మీ రిజిస్టరే చెబుతుంది. బస్టాండు పక్క లాడ్జికి అర్ధరాత్రి ఖాళీ వేళ కాదని నేను చెప్పనక్కర్లేదు. మూడింటికి దిగే బస్సులే మీకు రద్దీ. ‘రాత్రిపూట కూర్చుని’ అన్న ఆలోచన మానుకోండి.

మూడోది చెన్నైవాళ్ల ఫార్మాట్. దాన్ని పూర్తిగా కొట్టిపారేయను. కొత్తగా వేస్తే కార్డు పేర్లు ఇప్పుడున్నట్టే నమోదవుతాయి, ఎవరు ఏం మార్చారో తెలియని ఫైళ్లు పోతాయి. కానీ మూడో లోపం తీరదు, ఎందుకంటే అది రౌటర్లో ఉంది. పైగా కొత్త చిక్కులున్నాయి. బ్యాకప్పులు ‘లోకల్’ అనే స్టోరేజీలో ఉంటే, అంటే ‘/వార్/లిబ్/వీజెడ్/డంప్’లో ఉంటే, అవి ఫార్మాట్ అయ్యే డిస్కు మీదే ఉండొచ్చు. ముందు బయటి డిస్కుకు తీయాలి. ‘/ఈటీసీ/పీవీఈ/క్యూఈఎంయూ-సర్వర్’ ఫోల్డర్లోని 100, 101, 102 ఫైళ్లు, ఇంటర్‌ఫేసెస్ ఫైలు కూడా. మళ్లీ వేసేటప్పుడు మెషిన్ నెట్‌వర్క్ కార్డు రకం మార్చారనుకోండి, ఈ1000 నుంచి వర్టియోకు, అప్పుడు విండోస్ దాన్ని కొత్త కార్డుగా చూస్తుంది. 200 పెట్టబోతే ఆ అడ్రస్ కనబడని ఇంకో కార్డుకు ఉందంటుంది. డివైస్ మేనేజర్లో దాగిన పరికరాల్ని చూపించమని, పాత కార్డును తీసేయాలి. శుక్రవారం వచ్చి ఈ పని మొదలుపెడితే శనివారం పొద్దున కౌంటరులో ఏముంటుందో ఎవరూ మాటివ్వలేరు. ఫార్మాటే కావాలంటే బ్రహ్మోత్సవాల తర్వాత.

ఏ దారి పట్టినా ముందు ఒక బ్యాకప్ నిజంగా తెరుచుకుంటుందో లేదో చూడండి. 100 బ్యాకప్‌ను 900 నంబరుతో రీస్టోర్ చేసి, స్టార్ట్ చేసే ముందు దాని నెట్‌వర్క్ డివైస్‌కు ‘డిస్‌కనెక్ట్’ టిక్కు పెట్టండి. ఈ టిక్కు మరిస్తే ఆ నకలు కూడా 192.168.1.200తోనే లేస్తుంది, యాత్రికుడి ఫోను చేసే పని మీరే మీ సర్వరులో చేసుకున్నట్టవుతుంది.

కెమెరాల కార్డు సంగతి. దానికి వేరే బ్రిడ్జి, వీఎంబీఆర్1. ‘బ్రిడ్జ్-పోర్ట్స్’లో కొత్త కార్డు పేరు, అడ్రస్ 192.168.50.1/24 లాంటిది, గేట్‌వే (బయటికి పోయే దారి) వరుస ఖాళీగా వదిలేయాలి. సర్వరుకు గేట్‌వే ఒక్కటే ఉండాలి, రెండు పెడితే బయటికి పోవాల్సినవి ఒకసారి అటు, ఒకసారి ఇటు పోతాయి. కెమెరాల స్విచ్‌ను ఆ కార్డుకు మాత్రమే తగిలించి, పాత స్విచ్‌తో దానికి వైరు కలపకుండా ఉంచండి. 101 మెషిన్‌కు రెండో నెట్‌వర్క్ డివైస్ ఇచ్చి వీఎంబీఆర్1కు కలపండి, దానికి 192.168.50.2 పెట్టండి. కెమెరాలకు కూడా ఆ వరుసలోనే అడ్రసులు మార్చాలి, ఎక్కువ సమయం పట్టేది అదే. ఒక్కో కెమెరాగా మార్చి, బొమ్మ వచ్చాకే రెండోదానికి పోండి.

ఇలాంటి మార్పు ఏది చేసినా, తప్పితే దానంతటదే వెనక్కి వచ్చే ఏర్పాటు ముందు చేసుకోండి. ఇంటర్‌ఫేసెస్ ఫైలును ‘/రూట్’లోకి కాపీ తీయండి. ఆ కాపీని తిరిగి పాత చోట పెట్టి ‘ఐఎఫ్‌రీలోడ్ -ఏ’ కొట్టే రెండు వరుసల స్క్రిప్టు రాసి, ‘సిస్టమ్‌డీ-రన్ --ఆన్-యాక్టివ్=10మిన్ --యూనిట్=వెనక్కి’ అని, చివర ఆ స్క్రిప్టు పూర్తి దారి చేర్చి, దాన్ని పది నిమిషాల తర్వాతకు పెట్టండి. అప్పుడు మార్పు చేయండి. అంతా బాగుంటే ‘సిస్టమ్‌సీటీఎల్ స్టాప్ వెనక్కి.టైమర్’. సర్వరు మీ చేతికి అందకుండా పోతే ఏమీ చేయకుండా కూర్చోండి, పది నిమిషాల్లో పాత సెట్టింగుతో తిరిగొస్తుంది. అమలు చేసే ముందు ‘ఐఎఫ్‌రీలోడ్ -ఏ -ఎస్’ కొడితే ఫైల్లో రాత తప్పులుంటే చెబుతుంది, మార్చేదేమీ ఉండదు. మానిటరూ కీబోర్డూ మెట్ల కింద గదిలోనే ఉంచండి.

నాలుగో దారి ఉద్యోగం మానేయడం. అది మీ ఇష్టం. చెప్పకుండా చేసిన పని ఇందులో ఏదీ లేదు, కార్డు వేయమన్నది మామయ్యే. మానేయాలనే ఉంటే ఈ గొడవ తేలాక మానండి. ఇప్పుడు వెళ్తే ‘వాడు కెలికి పోయాడు’ అనే మాట మీ వెనక మిగులుతుంది, బంధువుల పెళ్లిళ్లలో కూడా వినాల్సి వస్తుంది. తేలాక వెళ్తే మామూలుగా ఉద్యోగం మారినట్టే.

మామయ్యతో ఎలా మాట్లాడాలన్నది మీరు అడగలేదు గానీ మీ ఉత్తరంలో సగం ఆయనే ఉన్నారు. ఆయన సర్వరు మీద కోపంతో అనడం లేదు, కౌంటరు ముందు జనం కేకలేస్తుంటే అంటున్నారు. ఆ సమయంలో బ్రిడ్జి, మ్యాక్ అని వివరించబోతే సాకులు చెబుతున్నట్టే వినిపిస్తుంది. రుజువు దొరికిన రోజు, జనం లేని వేళ, 4199 ఈవెంటు తేదీలున్న కాగితం, దాని పక్కనే మీ బుకింగ్ రిజిస్టర్లో అవే తేదీలకు నిండిన గదుల లెక్క పెట్టి చూపించండి. ఆయనకు అర్థమయ్యే భాష గదుల లెక్క. ఆగస్టులో మీ రీస్టార్ట్ వల్ల ఒకసారి అన్నీ ఆగాయన్నది కూడా అప్పుడే చెప్పేయండి. చెన్నైవాళ్ల నోటి నుంచి ఆయన వింటే దానికి ఇంకో రంగు వస్తుంది. ఈలోగా కౌంటరులో చేతిరాత రసీదు పుస్తకం ఒకటి ఉంచండి, బిల్లింగ్ ఆగినా గది తాళం ఇవ్వడం ఆగదు. వైఫై కుర్రాళ్ల మీద విరుచుకుపడే పనీ పెట్టుకోకండి. 200 చేత్తో పెట్టిన అడ్రస్ అని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

చెన్నైవాళ్లకు ఈ రోజే ఫోన్ చేసి శుక్రవారం వద్దని, పండగయ్యాక రమ్మని చెప్పండి. వచ్చేలోపు వాళ్ల దగ్గర నుంచి రెండు అడిగి రాయించుకోండి: సర్వరు రూట్ పాస్‌వర్డు, ఏ మెషిన్‌కు ఏ అడ్రస్ చేత్తో పెట్టారో ఆ జాబితా. రౌటరు పాస్‌వర్డు వైఫై కుర్రాళ్ల దగ్గరే ఉండిపోయి ఉంటే ముందు అది తెచ్చుకోండి. రిజర్వేషన్ పెట్టాలన్నా అది లేకుండా కుదరదు.